గ్రూపు వేఱు, పూర్వజ్ఞానము వేఱు

ప్రతి సంవత్సరము ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కోనసీమలో ఇంటింట ఒక తర్జనభర్జన సాగును. ఎంపీసీ చదివిన కుమారునికి ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ఎంత ర్యాంకు వచ్చినదనియు, బైపీసీ చదివిన కుమార్తెకు నీట్ మార్కులతో వైద్యకళాశాల కాకున్నను నర్సింగో, ఫార్మసీయో, అగ్రికల్చరో దొరకునా యనియు విచారించి, ఆ దారులన్నియు మూసికొనిన తరువాతనే బి.యస్సీ. మాట వినవచ్చును. అట్లు వినవచ్చిన బి.యస్సీ.లో రసాయనశాస్త్రమునకు నేటికిని కొంత మన్నన మిగిలియున్నదన్నచో, అందుకు కారణము ఆ శాస్త్రముపై మక్కువ యనుటకంటె, విశాఖ దగ్గఱి పరవాడ ఫార్మాసిటీలోనో, హైదరాబాదు పరిసరములలోని మందుల కర్మాగారములలోనో క్వాలిటీ కంట్రోలు విభాగమున కెమిస్టు ఉద్యోగము దొరకుననెడి ఆశ యనుటయే సత్యము. ఆ ఆశను తప్పుపట్టవలసిన పనిలేదు. చదువు అన్నము పెట్టవలెనని కోరుట పేదయింటి హక్కు. అయితే ఆ ఆశతో దరఖాస్తు పెట్టుకొనిన విద్యార్థిని మన విధానము అడుగు ప్రశ్నలు ఎట్టివి? ఏ గ్రూపు చదివితివి, ఎన్ని మార్కులు వచ్చినవి, ఏ రిజర్వేషను క్రిందికి వత్తువు, ఎక్కడివాడవు? 2020 నుండి డిగ్రీ ప్రవేశములు ఆన్‌లైన్‌లో జరుగుచున్నవి గనుక ఈ ప్రశ్నలకు సమాధానములు నిమిషములలో పూర్తియగును. రసాయనశాస్త్రము చదువుటకు ముందుగా ఏమి తెలిసియుండవలెను అను సంగతిని మాత్రము వీనిలో ఒక్క ప్రశ్నయు తాకదు. కొబ్బరిమొక్క కొనువాడు నారుమడిలో దాని మొదలు లావు చూచి, ఆకులు లెక్కపెట్టి మఱి కొనును గాని, ఏ తోటనుండి వచ్చినదో చీటి చూచి ఊరకుండడు. మన కళాశాల చీటి చూచి ఊరకుండును.

పూర్వార్హత యనగా మనకు ప్రవేశమునాడు చూపి పక్కన పెట్టెడి పత్రమైపోయినది. రసాయనశాస్త్రమునకు అవసరమైనది పాఠమునకును పాఠమునకును నడుమ ఉండవలసిన క్రమము. ముందటిది చేతికి వచ్చినగాని వెనుకటిది తలకెక్కని పరంపర. ఆ పరంపర మన బి.యస్సీ.లో ఏనాడును గట్టిగా లేదు. ఉన్న కొంతయు ఇటీవలి సంస్కరణముతో మఱింత సడలినది. ఈ వ్యాసమునకు ఇదియే విషయము.

కోనసీమకు కళాశాల చదువు ఆలస్యముగా వచ్చినది. గౌతమీ వసిష్ఠల నడుమ ఒదిగి, వైనతేయ రెండుగా చీల్చిన యీ సీమలో రేవు దాటనిదే పైచదువు లేని కాలమొకటి యుండెను. ఇంటర్మీడియట్ చదువవలెనన్న కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకో, రాజమహేంద్రవరములో ఆర్ట్సు కళాశాలకో పోవలసివచ్చెడిది. 1951లో, అనగా ఆంధ్రరాష్ట్రావతరణమునకు రెండేండ్లు ముందుగా, అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసినది; ఎస్.కె.బి.ఆర్. కాలేజీ యన్న పొడి అక్షరములతోనే జనులు దానిని వ్యవహరింతురు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఆరంభమైన ఆ చదువు, 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత దాని పరిధిలోనికి వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ ప్రత్యేక జిల్లా యగుటతో అమలాపురము జిల్లాకేంద్రమైనది. రాజోలు వైపునను, కొత్తపేట, రావులపాలెముల వైపునను డిగ్రీ కళాశాలలు వచ్చి, నేటి విద్యార్థి బస్సెక్కి పోయి సాయంకాలమునకు ఇల్లు చేరుకొనుచున్నాడు. దూరము తగ్గినది. చదువుల నడుమనున్న ఎడము మాత్రము పెరిగినది.

ఎట్లన, పూర్వపు ఇంటర్మీడియట్ కళాశాలలోనే జరిగెడిది. దాని వెనుక వచ్చిన ఒక సంవత్సరపు పి.యు.సి.యు కళాశాలలోనే జరిగెడిది. బి.యస్సీ.కి రసాయనము చెప్పు అధ్యాపకుడే ఆ క్రింది తరగతికిని చెప్పుచుండెడివాడు. తాను మూడేండ్ల తరువాత ఏమి అడుగబోవునో ఎఱిగినవాడు గనుక, దానికి తగిన పునాది ఇప్పుడే వేసికొనెడివాడు. 1971లో ఇంటర్మీడియట్ విద్యకు ప్రత్యేకముగా బోర్డు ఏర్పడి, ఆ రెండేండ్ల చదువు జూనియరు కళాశాలలకు తరలిపోయిన పిమ్మట, క్రిందిది ఒకరి సొత్తు, పైది వేఱొకరి సొత్తు అయినవి. ఆ విభజనము వలన మేలు లేకపోలేదు: ఊరూర జూనియరు కళాశాల వచ్చినది, ఆడపిల్లలు పదవ తరగతితో చదువు మానుట తగ్గినది. కాని విశ్వవిద్యాలయము తనకు రాబోవు విద్యార్థి ఏమి నేర్చి వచ్చుచున్నాడో విచారించుట మానివేసినది. బోర్డు తన విద్యార్థి ఎక్కడికి పోవుచున్నాడో విచారించుట మానివేసినది. నడుమ వచ్చి కూర్చుండినది ప్రవేశపరీక్ష. నేటి ఇంటర్మీడియట్ రసాయనము బోర్డు పాఠ్యపుస్తకము చెప్పినట్లును నడువక, డిగ్రీకి కావలసినట్లును నడువక, నాలుగు సమాధానములలో సరియైనదానిని నిమిషములోపల గుర్తించెడి విద్యగా నడుచుచున్నది. అందులో నెగ్గినవాడు బి.యస్సీ.కి రాడు, నెగ్గనివాడు, ఆ విద్య నేర్పిన అడ్డదారులను మాత్రము వెంటబెట్టుకొని వచ్చును.

ఒక చిన్న సంఖ్యను దగ్గఱగా చూతము. ప్రథమ క్రమాంక చర్యయొక్క వేగ స్థిరాంకమును గణించు సూత్రములో 2.303 అను అంకె యుండును. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరమున రసాయనము చదివిన ప్రతి విద్యార్థియు దానిని నిద్రలో లేపి యడిగినను చెప్పును. అది ఎక్కడనుండి వచ్చినదని యడిగినచో ఎంపీసీ విద్యార్థి కొంత తడుముకొని, సహజ సంవర్గమానమును పది ఆధారముగా గల సంవర్గమానమునకు మార్చునప్పుడు వచ్చు గుణకమని చెప్పగలడు. ఆ సూత్రము ఒక అవకలన సమీకరణమును సమాకలనము చేయగా వచ్చినదనియు గుర్తుచేసికొనగలడు. బైపీసీ విద్యార్థినికి అది ఒక మంత్రాక్షరము. ఆమె తెలివికి లోటు లేదు. పదవ తరగతి దాటిన తరువాత గణితము ఆమె ఎదుటికి రాలేదు, అంతే. డిగ్రీలో విద్యుద్రసాయనమునకు వచ్చినప్పుడు నెర్న్‌స్ట్ సమీకరణములో 0.0591 అని మఱియొక అంకె ఎదురగును. అందులో ఆ పాత 2.303 యే దాగియున్నది: దానిని వాయు స్థిరాంకము 8.314 తోను, 298 కెల్విన్ ఉష్ణోగ్రతతోను హెచ్చించి, ఫారడే 96,500 చేత భాగించిన వచ్చునది అదే. ఈ సంబంధమును చూచినవానికి రెండు సూత్రములు ఒక్క సూత్రమగును. చూడనివానికి రెండు మంత్రములు. మూడవయేట స్పెక్ట్రోస్కోపీలో బీర్-లాంబర్ట్ నియమమున మరల సంవర్గమానమే, అంతకుముందే పి.హెచ్. లెక్కలోను సంవర్గమానమే. నాలుగు చోట్ల నలుగురు అపరిచితులుగా కనుపించు వారు ఒక్కడేనని తెలియకుండగనే పట్టా చేతికి వచ్చును.

ఈ లెక్క పరీక్షకే గాని బ్రతుకునకు పనికిరాదని కొందఱందురు. అల్లవరము, ఉప్పలగుప్తము, కాట్రేనికోన మండలముల రొయ్యల చెఱువుల గట్టున నిలుచుండినవారు ఆ మాట యనజాలరు. చెఱువు నీటిలో మొత్తము అమ్మోనియా ఎంత యున్నదో కొలుచుట ఒక యెత్తు; అందులో రొయ్యకు విషమగు స్వేచ్ఛా అమ్మోనియా ఎంత యనుట మఱియొక యెత్తు. ఆ రెండవది నీటి పి.హెచ్. మీద ఆధారపడియుండును. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలుండగా పి.హెచ్. 7.5 అయినప్పుడు మొత్తములో నూటికి ఇంచుమించు రెండు వంతులే విషరూపమున నుండగా, పి.హెచ్. 8.5కు పెరుగగనే అది నూటికి పదునైదు వంతులకు చేరును. వేడిమి హెచ్చినకొలది ఇంకను హెచ్చును. మధ్యాహ్నవేళ నీటిలోని నాచు, సూక్ష్మశైవలములు కార్బన్ డయాక్సైడును పీల్చుకొనుటచేత పి.హెచ్. తానే పెరుగును. కావున ఉదయమున తీసిన నీటి నమూనాతో సంతృప్తిపడిన రైతుకు మధ్యాహ్నము ముప్పు రావచ్చును. 'పి.హెచ్. ఒక్క అంకెయే గదా పెరిగినది' అని రైతు అన్నప్పుడు, ఒక్క అంకె యనగా హైడ్రోజన్ అయాను గాఢతలో పదిరెట్ల మార్పని చెప్పగలవాడు చెఱువుగట్టు ప్రయోగశాలలో ఉండవలెను. ఆ కొలువులలో చేరువారు మన బి.యస్సీ. పిల్లలే. సమతాస్థితి, బఫరు ద్రావణము, సంవర్గమానము అను మూడు పాఠములు ఒకదానిపై నొకటి నిలిచిననే ఆ మాట నోట వచ్చును.

మూడు ప్రధాన విషయములతో బి.యస్సీ. నడిచిన దశాబ్దములలో ఈ క్రమము చాటుమాటుగా కొంత నిలిచినది. గణిత, భౌతిక, రసాయనములు కలిపి చదివినవాడు ఒక తరగతిలో కలనగణితము నేర్చి, మఱుసటి గంటలో ఉష్ణగతికశాస్త్రమునకు వచ్చి కూర్చుండెడివాడు. పాక్షిక అవకలనము అతనికి పరాయిది కాదు. ఎవరును నియమముగా వ్రాయకున్నను విషయముల కూర్పే పూర్వార్హతయై పనిచేసినది. బీజెడ్‌సీ విద్యార్థికి ఆ భాగ్యము లేదు. వృక్ష, జంతు శాస్త్రముల నడుమనుండి వచ్చి, అదే ఉష్ణగతికశాస్త్రమును, అదే ప్రశ్నపత్రమును ఎదుర్కొనవలసి వచ్చెడిది. దానికి ఫలితము ఎల్లరెఱిగినదే: బీజెడ్‌సీ వారు కర్బన రసాయనమును ప్రేమించి, భౌతిక రసాయనమును భయముతో దాటిపోయిరి. ఎం.యస్సీ.లో ఆర్గానిక్ సీటుకు అంత గిరాకి యుండుటకు మందుల కర్మాగారములు ఒక కారణమైనను, గణితమునుండి పాఱిపోవు దారి అటువైపు ఉండుట రెండవ కారణమని నా నమ్మకము.

2023-24 నుండి రాష్ట్రములో ఏక ప్రధాన విషయముతో నాలుగేండ్ల ఆనర్సు పద్ధతి వచ్చినది. రసాయనము మేజరుగా తీసికొనినవాడు ఒక విషయమును మైనరుగా ఎంచుకొనును. తక్కినది నైపుణ్య కోర్సులును, ఇంటర్న్‌షిప్పును. లోతుగా ఒక్క శాస్త్రమును చదువవలెనను సంకల్పము మంచిదే. పూర్వపు బి.యస్సీ.లో మూడింట ఒక వంతు రసాయనము చదివినవానిని కెమిస్టు అనుట కొంత అతిశయోక్తియే. కాని లోతు పెంచిన చేతులే పునాదిని కుదించినవి. ఎంపీసీనుండి వచ్చిన విద్యార్థి సయితము, ఉద్యోగము వచ్చునని చెప్పగా విని కంప్యూటరు శాస్త్రమును మైనరుగా పెట్టుకొనినచో, ఆపైని గణితముఖము చూడవలసిన పనిలేదు. బీజెడ్‌సీ వానికి ఉండిన లోటును అందఱికిని సమానముగా పంచిపెట్టినట్లయినది. ఈ సమానత్వమును ఎవరు కోరిరి?

సంస్కర్తలకు ఈ సంగతి తోచలేదనుట న్యాయము కాదు. తొలి సెమిస్టరులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రముల మౌలికాంశములు ఒక పాఠ్యముగను, వాని పురోగతి మఱియొక పాఠ్యముగను, ఆ మూడు శాస్త్రముల విద్యార్థులకు ఉమ్మడిగా పెట్టిరి. వానిలోని గణిత యూనిట్లలో సంకీర్ణ సంఖ్యలు, త్రికోణమితి, సదిశలు, అవకలనము, సమాకలనము, మాత్రికలు అన్నియు ఉన్నవి. చూచుటకు ఇది వారధి. నడుచుటకు మాత్రము ఇఱుకు. ఎంపీసీ వారికి తెలిసిన సంగతినే మరల చెప్పి విసిగించుచు, బైపీసీ వారికి రెండేండ్ల గణితమును రెండు యూనిట్లలో మ్రింగించుట కుదురునా? సంకీర్ణ సంఖ్యలు రసాయన విద్యార్థికి తొలియేట దేనికి? అతనికి తక్షణము కావలసినవి నిష్పత్తులు, ఘాతములు, సంవర్గమానములు, సరళరేఖాపటము గీచి వాలు చదువుట, ప్రమాణముల మార్పిడి, దోషగణనము. ఇవి గణితాచార్యుని దృష్టిలో మిక్కిలి చిన్నవి. అందుచేతనే పాఠ్యప్రణాళికలో స్థానము దక్కించుకొనజాలవు. రసాయన ప్రయోగశాలలో మొదటి దినమున మొదటి గంటలో కావలసినవి ఇవియే.

ఇంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. ఒక సెమిస్టరు పాఠ్యము తప్పినను తరువాతి సెమిస్టరు పాఠములకు కూర్చుండుటకు మన విద్యార్థికి సాధారణముగా అడ్డులేదు. తప్పినది బ్యాక్‌లాగుగా వెంట వచ్చుచుండును, ఎప్పుడో ఒకప్పుడు సప్లిమెంటరీలో తీఱును. కర్బన రసాయనపు మౌలికాంశములు తప్పినవాడు కార్బొనిల్ సమ్మేళనములను చదువుచుండును. ఆమ్ల క్షార సమతాస్థితి తప్పినవాడు విశ్లేషణ రసాయనమును చదువుచుండును. అమెరికా కళాశాలలలో సామాన్య రసాయనము రెండు సెమిస్టరులు దాటినగాని కర్బన రసాయనములో పేరు నమోదు కాదు. కలనగణితము, భౌతికశాస్త్రము ముగించినగాని భౌతిక రసాయనపు తరగతిలో అడుగుపెట్టనీయరు. చాలచోట్ల ఉత్తీర్ణత మాత్రము చాలదు, 'సి' గ్రేడయినను రావలెను. ఆ దేశపు విద్యనంతను తలకెత్తుకొనవలెనని నేననను; అక్కడ రుసుములు చెల్లింపలేక చదువు నడుమ విడిచినవారి కథలు వేఱు. కాని పాఠ్యములకు అంకెలు వేసి, ఏది దేని వెనుక రావలెనో వ్రాసి, ఆ వ్రాతను మన్నించుటకు ధనము అక్కఱలేదు. మనము మొదటి రెండును చేసితిమి, మూడవది చేయలేదు. పరీక్షాఫలితములు తరువాతి సెమిస్టరు సగమైన వెనుక వచ్చుచుండగా మూడవది చేయుటయు దుష్కరమే. ఇది విశ్వవిద్యాలయపు పరీక్షావిభాగము తీర్చవలసిన సమస్య.

చేతి విద్య సంగతి చెప్పవలసియున్నది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరాంతమున ప్రయోగపరీక్ష యున్నది. లవణ విశ్లేషణము, అనుమాపనము అందు ముఖ్యములు. మోర్ లవణ ద్రావణమును పిపెట్టుతో 20 మిల్లీలీటర్లు తీసి, కోనికల్ ఫ్లాస్కులో పోసి, సజల గంధకికామ్లము చేర్చి, బ్యూరెట్టునుండి పొటాషియం పర్మాంగనేటును బొట్టుబొట్టుగా విడుచుచు, ఒక్క బొట్టుతో లేత గులాబిరంగు వచ్చి నిలిచిన క్షణమున కాకు తిప్పివేయవలెను. ఎడమచేత బ్యూరెట్టు కాకు, కుడిచేత ఫ్లాస్కు, చూపు రంగుమీద. ఇది ఇరువదిసారులు చేసిననే చేతికి పట్టుబడును. పరీక్షకు పదిదినములు ముందుగా మాత్రమే ప్రయోగశాల తాళము తీయు జూనియరు కళాశాలలు లేవని ఎవరైన ప్రమాణము చేయగలరా? అట్టిచోటనుండి నిండు మార్కులతో వచ్చిన విద్యార్థి డిగ్రీ ప్రయోగశాలలో పిపెట్టును తలక్రిందుగా పట్టుకొనుట అధ్యాపకులకు వింత కాదు. ఆపైని లెక్క: పర్మాంగనేటు ఒక మోల్ అయిదు మోళ్ల ఫెర్రస్ అయానును ఆక్సీకరించును గనుక మొలారిటీ సమీకరణమున ఒకవైపు ఒకటి, వేఱొకవైపు అయిదు వేయవలెను. ఆ అయిదు ఎక్కడిదని యడిగినచో, 'రికార్డులో అట్లే ఉన్నదండీ' అని సమాధానము వచ్చును. మాంగనీసు ఏడునుండి రెండునకు దిగినదనియు, ఇనుము రెండునుండి మూడునకు ఎక్కినదనియు ఎఱిగినచో ఆ అయిదు దానంతట అదే వచ్చును. మోల్ భావనయు, ఆక్సీకరణసంఖ్యయు డిగ్రీ రసాయనమునకు నిక్కమైన పూర్వార్హతలు. గ్రూపు పేరు వీనికి హామీ యీయజాలదు.

వసిష్ఠకు ఆవలియొడ్డున, కోనసీమకు కూతవేటు దూరములోనున్న భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇచట తలంపునకు వచ్చును. ఆయన తన సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర నిర్ణయపద్ధతి అనుమాపనమువంటి సామాన్యమైన చేతిపనిపై నిలిచినదే: ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, క్షయకరణము చేసి, వచ్చిన నీలవర్ణపు గాఢతను కొలిచి, భాస్వరమెంతయో చెప్పుట. జీవరసాయన ప్రయోగశాలలలో ఆ పద్ధతి దశాబ్దముల తరబడి నిత్యకృత్యమై నిలిచినది. ఆయనను తలచుటకు మఱియొక కారణమును కలదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని ఆయన గట్టెక్కలేదు. పూర్వార్హత యనగా కత్తెర యని తలచువారు, మార్కుల గీత గీచి క్రిందివారిని తొలగించుటయే నాణ్యత యని వాదించువారు, ఈ వృత్తాంతమును రెండుసారులు చదువుకొనవలెను.

ఏలననగా, పూర్వార్హతలను గట్టిపఱచవలెననగనే వచ్చు మొదటి ప్రతిపాదన బైపీసీ వారికి రసాయనము మేజరు ఇవ్వరాదనుటయే. అది అన్యాయము. కోనసీమ గ్రామములలో బైపీసీ చదువువారిలో ఆడపిల్లలు పెక్కుమంది. గణితమనిన భయమనుటకంటె, డాక్టరు కాకున్న నర్సయినను కావచ్చునని తల్లిదండ్రులు పదునైదవయేట నిర్ణయించిన నిర్ణయమది. ఆ వయస్సున ఇతరులు చేసిన ఎన్నికకు ఇరువదియవయేట శిక్ష వేయుట ఏ న్యాయము? పైగా, ఇప్పటికే సీట్లు నిండక దిగులుపడు కళాశాలలు ఆ నియమమును ఒక్కయేడయినను సహింపజాలవు. మఱి ఊరకుండుటయు అన్యాయమే. ఐఐటీలలో ఎం.యస్సీ. ప్రవేశమునకు జరుగు జామ్ పరీక్షలో రసాయన పత్రపు ప్రణాళిక గణిత భావనలతోనే మొదలగును: ప్రమేయములు, గరిష్ఠ కనిష్ఠములు, సమాకలనము, అవకలన సమీకరణములు, సదిశలు, మాత్రికలు. రాజోలునుండి వచ్చిన పిల్లకు ఆ పత్రము తెఱచిన నాడే, తనకు మూడేండ్లుగా ఎవరును చెప్పని రహస్యమొకటి ఉన్నదని తెలియును. ప్రవేశమునాడు ఏమియు అడుగక, పట్టానాడు అన్నియు అడుగుట దయ యనిపించుకొనదు.

మాధ్యమము సంగతి ఒక మాటతో ముగింతును. 2021-22 నుండి డిగ్రీ చదువంతయు ఆంగ్లమాధ్యమమే యైనది. తెలుగు మాధ్యమమున ఇంటర్మీడియట్ దాటి వచ్చినవారికి భాషయు ఒక పూర్వార్హతయై కూర్చుండినది. దానికిని తొలి నెలలలో సహాయము కావలెను. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకములు గ్రంథాలయములో ఇంకను ఉన్నచో, వానిని బీరువాలో పెట్టి తాళము వేయకుండుట మేలు.

ఈ సీమలో రసాయనమునకు ఉదాహరణలు వెదకవలసిన పనిలేదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టున దొరకు నూనెను ఒక గ్రాము తూచి, ఆల్కహాలులో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడుతో మరగించి, మిగిలిన క్షారమును ఆమ్లముతో అనుమాపనము చేసినచో, ఆ గ్రాము నూనె ఇంచుమించు 255 మిల్లీగ్రాముల క్షారమును తీసికొనినట్లు తెలియును. దానినుండి నూనెయొక్క సగటు అణుభారము 660 ప్రాంతమున ఉండునని గణింపవచ్చును. నూనెలో సగమునకు దగ్గఱగా లారిక్ ఆమ్లమే యుండుట దీనికి కారణము. పామాయిలు కలిపినచో ఆ క్షారపు విలువ దిగును. కల్తీ పట్టుటయు, మోల్ భావనయు, ఎస్టరుల జలవిశ్లేషణయు ఒక్క మధ్యాహ్నమున, చేతితో, ఇంటి నూనెతో నేర్వవచ్చును. 1995 జనవరి 8న పాశర్లపూడి చమురుబావి బ్లోఅవుటై రెండు నెలలకు పైగా మండినప్పుడు ఆకాశము ఎఱ్ఱబడుట చూచినవారు ఇంకను ఉన్నారు. 2014 జూన్ 27న నగరం గ్రామములో గ్యాసు గొట్టము చిల్లుపడి మంటలు లేచి ఇరువదిమందికి పైగా మరణించిన తెల్లవాఱుజామును ఎవరును మఱువలేదు. తేమయు కార్బన్ డయాక్సైడును కలిసిన వాయువు ఉక్కును లోపలినుండి ఎట్లు తినివేయునో విద్యుద్రసాయనమున ఉన్నది. మామిడికుదురు మండలపు విద్యార్థికి తుప్పు పాఠము మొదలుపెట్టుటకు వేఱొక ఉపోద్ఘాతము అక్కఱలేదు. కాని ఆ పాఠము ఎలక్ట్రోడు పొటెన్షియల్ తెలిసిన తరువాత రావలెను. అందులకు నెర్న్‌స్ట్ సమీకరణము, దానికి ఆ సంవర్గమానము.

చేయదగినదేమి? ఇంటర్మీడియట్ ఫలితములు ఏప్రిలులో వచ్చుచున్నవి. డిగ్రీ ప్రవేశముల తతంగము ముగిసి తరగతులు మొదలగుసరికి మూడు, నాలుగు నెలలు గడచిపోవుచున్నవి. ఆ వ్యవధిలో జిల్లాలోని కళాశాలలు కలిసి, అమలాపురమున ఒకచోట, రాజోలు వైపున ఒకచోట, కొత్తపేట వైపున ఒకచోట, ఉచితముగా నాలుగు వారముల సన్నాహ తరగతి నడుపవచ్చును. ఉదయము గణితము, అదియు రసాయనమునకు కావలసినంత మాత్రమే. మధ్యాహ్నము ప్రయోగశాల, తూకము, పిపెట్టు, బ్యూరెట్టు. చిన్న కళాశాలలో గణిత అధ్యాపకుడు లేకున్న మూడు కేంద్రములకు ఒక్కనిని తిప్పుకొనవచ్చును. మన బస్సులకు ఆపాటి దూరము లెక్కలోనిది కాదు. ఆ వారముల చివర ఒక పరీక్ష పెట్టవలెను గాని దాని మార్కులు ఏ పత్రముపైనను ఎక్కరాదు, దానివలన ఒక్కనికిని సీటు పోరాదు. ఎవరికి ఏది రాలేదో అధ్యాపకునికి తెలియుటకే అది. దానిలో వెనుకబడినవారికి తొలి రెండు సెమిస్టరులును వారమునకు రెండు గంటలు అదనముగా చెప్పవలెను. ఇక విశ్వవిద్యాలయపు పాఠ్యప్రణాళికా సంఘము వారు చేయవలసినది రెండు వాక్యముల పని: రసాయనము మేజరుగా తీసికొని గణితము మైనరుగా తీసికొననివారికి ఒక సెమిస్టరు 'రసాయనవేత్తకు గణితము' అను పాఠ్యమును నైపుణ్య కోర్సులలో ఒకదాని స్థానమున ఉంచుట, భౌతిక రసాయనపు మొదటి పాఠ్యము తప్పినవాడు దానిని తీర్చుకొనువఱకు రెండవదానికి నమోదు కారాదని నియమించుట. నైపుణ్య కోర్సులలో ఒకటి తగ్గినచో నష్టమేమియు కనబడదు. సంవర్గమానము కంటె మిన్నయైన నైపుణ్యము వానిలో ఏది యున్నదో ఆ జాబితా చూచినవారే చెప్పవలెను.